గుండెపోటు తర్వాత ఇంటికొచ్చాక: రోగులు, ఇంట్లోవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్పత్రిలో ఉన్న నాలుగైదు రోజులు ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. మానిటర్ మోగితే నర్సు పరుగెత్తుకొస్తుంది. అసలు భయం డిశ్చార్జి కాగితం పట్టుకుని ఇల్లు చేరిన రాత్రి మొదలవుతుంది. నేను చిన్న ఊళ్ళో జనరల్ ఫిజీషియన్‌ని. స్టెంట్లు వేసేది నేను కాదు, వేసిన తర్వాత ఏళ్ళ తరబడి చూసుకునేది నేను. నా ఎదురుగా కూర్చుని అడిగినవాళ్ళ ప్రశ్నలే ఇవి, వాళ్ళ మాటల్లోనే రాశాను. ఇది చదివి మందులు మాత్రం మీ అంతట మీరు మార్చుకోకండి. చదివాక ఏదైనా అనుమానం వస్తే మీ డాక్టర్‌ని అడగండి, అందుకే ఇది రాస్తున్నాను.

స్టెంట్ వేశారు, బ్లాక్ తీసేశారు. ఇక జబ్బు పోయినట్టేనా?

పోలేదు. నా దగ్గరికొచ్చే ప్రతి కుటుంబానికీ నేను మొదట చెప్పే మాట ఇదే.

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాల గోడల్లో కొవ్వు ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు మీది పలచటి పొర చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. స్టెంట్ ఆ ఒక్క చోట దారి తెరిచి నిలబెడుతుంది. మిగతా నాళాల్లో పేరుకున్నది అక్కడే ఉంటుంది. యాంజియో రిపోర్టులో 30 శాతం, 40 శాతం అని రాసి వదిలేసిన చిన్న బ్లాకులు కూడా రేపు చిట్లవచ్చు. అందుకే జీవితాంతం మందులు. స్టెంట్ ఆ రోజు ప్రాణం కాపాడింది. మళ్ళీ ఆ రోజు రాకుండా చూడాల్సింది మందులు, మన అలవాట్లు.

ఇంకో బ్లాక్ ఉంది, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. నిజంగా అవసరమా, డబ్బుల కోసమా?

ఈ అనుమానం రావడం తప్పు కాదు. అయితే దీనికి మంచి సమాధానం ఉంది. కంప్లీట్ అనే అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో 4,041 మంది ఉన్నారు. గుండెపోటుకి కారణమైన నాళంతో పాటు మిగతా పెద్ద బ్లాకులకూ స్టెంట్ వేసినవాళ్ళలో, సుమారు మూడేళ్ళలో గుండెజబ్బుతో చనిపోయినవాళ్ళు, మళ్ళీ గుండెపోటు వచ్చినవాళ్ళు కలిపి 7.8 శాతం. ఒక్క నాళంతో ఆపేసినవాళ్ళలో 10.5 శాతం. కాబట్టి పెద్ద గుండెపోటు వచ్చి, ఇంకో నాళంలో 70 శాతానికి మించిన బ్లాక్ ఉంటే రమ్మనడంలో అర్థం ఉంది. 40 శాతం బ్లాక్‌కి స్టెంట్ వేస్తామంటే మాత్రం ఇంకో డాక్టర్‌కి యాంజియో సీడీ చూపించండి. అది మీ హక్కు.

సూటిగా చెప్పండి డాక్టర్ గారూ, నాన్న ఇంకెన్నాళ్ళు ఉంటారు?

ఒక మనిషి విషయంలో లెక్కకట్టి చెప్పలేం. వయసు, షుగర్, కిడ్నీలు, గుండె ఎంత దెబ్బతింది, మందులు ఎంత క్రమంగా వేసుకుంటున్నారు అనేవాటిని బట్టి ఉంటుంది. అందరినీ కలిపి చూస్తే ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. స్వీడన్‌లో గుండెపోటు నుంచి బయటపడ్డ 97,000 మందికి పైగా రోగుల వివరాలు చూసి 2015లో ప్రచురించారు. మొదటి ఏడాదిలో మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం వీటిలో ఏదో ఒకటి 18.3 శాతం మందికి వచ్చింది. ఆ ఏడాది ఏమీ కాకుండా గడిచినవాళ్ళని ఇంకో మూడేళ్ళు గమనిస్తే, వాళ్ళలో మరో 20 శాతం మందికి వచ్చింది. "ఏడాది దాటింది, గండం గడిచింది" అనుకుని మందులు తగ్గించుకునేవాళ్ళకి ఈ రెండో అంకె కాగితం మీద రాసి చూపిస్తాను.

అదే అంకెను ఇటువైపు నుంచి కూడా చూడాలి. ఎక్కువమందికి ఏమీ కాలేదు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి 1955 సెప్టెంబరులో పెద్ద గుండెపోటు వచ్చింది. అప్పటికి స్టెంట్లు లేవు, కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలు లేవు. మరుసటి ఏడాది మళ్ళీ ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. ఆ తర్వాత ఇంకొన్నిసార్లు గుండెపోటు వచ్చినా 1969 వరకు, 78 ఏళ్ళు బతికాడు. ఈ రోజు మన మండలం మెడికల్ షాపులో దొరికే మందులు ఆయనకి దొరకలేదు.

ఎకోలో పంపింగ్ 35 అని రాశారు. అంటే గుండె 35 శాతమే పనిచేస్తోందా?

అలా కాదు. గుండె నిండా ఉన్న రక్తాన్ని ఎవరి గుండే పూర్తిగా బయటికి తోసెయ్యదు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా కొట్టుకున్న ప్రతిసారీ 55 నుంచి 70 శాతం వరకే పంపుతుంది. కాబట్టి 35ని 100తో కాదు, 60తో పోల్చుకోవాలి. తక్కువే, కానీ మీరు భయపడినంత తక్కువ కాదు.

ఇంకో సంగతి. గుండెపోటు వచ్చిన వారంలో తీసిన ఎకో చివరి మాట కాదు. రక్తం అందక కొంత కండరం చచ్చిపోతుంది, కొంత సొమ్మసిల్లి ఉంటుంది. చచ్చిపోయిన చోట ఒకటి రెండు నెలల్లో మచ్చ కడుతుంది, అది తిరిగి రాదు. సొమ్మసిల్లింది మాత్రం వారాల్లో కోలుకుంటుంది. అందుకే ఆరు నుంచి పన్నెండు వారాల తర్వాత మళ్ళీ ఎకో తీయించాలి. 35తో వెళ్ళి 48తో తిరిగొచ్చినవాళ్ళని చూశాను. మందులు సరిగా వాడినా ఇంకా 35 లేదా అంతకంటే తక్కువే ఉంటే, ప్రాణాంతకమైన లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి కాపాడే ఐసీడీ అనే పరికరం గురించి మాట్లాడాలి. దాన్ని మామూలుగా గుండెపోటు వచ్చి 40 రోజులు దాటకముందు పెట్టరు. ఈ రెండో ఎకోకి చాలామంది రారు. ఒంట్లో బాగానే ఉందిగా అని ఊరుకుంటారు. దయచేసి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఇన్ని మాత్రలా? అన్నీ అవసరమేనా?

మాత్రల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించి అడుగుతారు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చెప్తాను.

ఆస్పిరిన్, మన దగ్గర సాధారణంగా 75 మి.గ్రా. ఇది రక్తంలోని ప్లేట్‌లెట్లు అనే కణాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టకుండా చూస్తుంది. చాలామందికి జీవితాంతం. దానికి తోడుగా క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్‌లలో ఒకటి. సాధారణంగా ఏడాది. ఈ రెండింటినే రక్తం పలచబడే మాత్రలు అంటారు.

కొవ్వు మాత్ర, అంటే అటోర్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్. దీన్ని కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రగా మాత్రమే చూస్తారు. రిపోర్టు నార్మల్ రాగానే ఆపేస్తారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది. పైగా ల్యాబ్ కాగితం మీద రాసే నార్మల్ మామూలు మనుషులది. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 55 కంటే కిందికి దించాలని ఐరోపా గుండె వైద్యులు 2019 నుంచి చెబుతున్నారు. ఈ మాత్ర ప్రాణాలు నిలబెడుతుందని తేల్చింది 1994లో వచ్చిన స్కాండినేవియా అధ్యయనం. 4,444 మందిని అయిదేళ్ళకి పైగా చూస్తే, స్టాటిన్ వాడినవాళ్ళలో మరణాలు 30 శాతం తగ్గాయి.

రామిప్రిల్ లాంటిది గుండె సాగి పెద్దదవకుండా చూస్తుంది. కొంతమందికి దీనివల్ల పొడి దగ్గు వస్తుంది. దగ్గు మందు తాగుతూ నెలలు గడపకండి, చెబితే వేరే రకం రాస్తాం.

మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ లాంటివి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు. పంపింగ్ తగ్గినవాళ్ళకి ఇవి తప్పనిసరి. పంపింగ్ 50 లేదా ఆపైన ఉన్నవాళ్ళకి లాభం కనిపించలేదని 2024లో స్వీడన్ కేంద్రంగా 5,000 మందిపై జరిగిన అధ్యయనం చెప్పింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో చేసిన ఇంకో అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఆపేయడం, కొనసాగించినంత సురక్షితమని అది నిరూపించలేకపోయింది. కాబట్టి ఇది డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన మాత్ర. ఒక్కసారిగా మానేస్తే గుండెదడ, నొప్పి పెరిగే ప్రమాదం ఉంది.

పంపింగ్ తక్కువ ఉన్నవాళ్ళకి ఇవి కాక డపాగ్లిఫ్లోజిన్ లాంటివి రాయవచ్చు. "నాకు షుగర్ లేదు, షుగర్ మాత్ర ఇచ్చారు" అని కంగారు పడతారు. అది గుండెకే ఇచ్చారు.

పన్ను తీయించుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు ఆపమన్నారు. ఆపనా?

ఆపే ముందు స్టెంట్ వేసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ పేజీ రాయాలనిపించింది.

ఒక రైతు, యాభై దాటిన మనిషి. స్టెంట్ వేసి నాలుగో నెల. పన్ను నొప్పికి వెళితే రెండు మాత్రలూ వారం ఆపి రమ్మన్నారు. అయిదో రోజు రాత్రి మళ్ళీ ఛాతీ నొప్పి. వేసిన స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టింది. బతికాడు, కానీ పంపింగ్ 50 నుంచి 30కి పడింది. ఇప్పుడు అరక పట్టలేడు. నేను ముందే గట్టిగా చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

ఒకటి రెండు పళ్ళు తీయడానికి మామూలుగా ఈ మాత్రలు ఆపాల్సిన పనే లేదు. దూది గట్టిగా కరిచి పట్టుకుంటే, అవసరమైతే ఒక కుట్టు వేస్తే రక్తం ఆగుతుంది. కంటి శుక్లం ఆపరేషన్‌కీ సాధారణంగా అంతే. పెద్ద ఆపరేషన్లయితే, వాయిదా వేయగలిగినవి ఏడాది దాటాక పెట్టుకోవడం మంచిది. రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవాళ్ళకి రెండో మాత్ర ముందే ఆపేస్తారు, కొందరికి ఏడాది దాటినా కొనసాగిస్తారు. ఆ లెక్క స్టెంట్ వేసినవాళ్ళకే తెలుస్తుంది. మలం తారులా నల్లగా వస్తుంటే మాత్రం ఆ రోజే చూపించుకోండి.

కొవ్వు మాత్ర వేసుకున్నప్పటి నుంచి కాళ్ళు పీకుతున్నాయి.

మీ నొప్పి నిజం. దానికి కారణం ఎప్పుడూ మాత్రే కాకపోవచ్చు. ఇలాంటి ఇబ్బందుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందితో లండన్‌లో ఒక ప్రయోగం చేశారు. ఒక నెల స్టాటిన్, ఒక నెల అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర, ఒక నెల ఏదీ లేకుండా, ఇలా మార్చి మార్చి ఏడాది పాటు. రోజూ బాధకి వందకి ఇన్నని మార్కులు వేయమన్నారు. స్టాటిన్ నెలల్లో సగటు 16.3, ఉత్త మాత్ర నెలల్లో 15.4, ఏదీ లేని నెలల్లో 8. బాధలో ఎక్కువ భాగం మాత్ర మింగుతున్నామన్న భయం నుంచి వచ్చిందన్నమాట. 2020లో ఈ ఫలితాలు వచ్చాక ప్రయోగంలో ఉన్నవాళ్ళకి వాళ్ళ వాళ్ళ మార్కులు చూపిస్తే, సగం మంది మళ్ళీ మాత్ర మొదలుపెట్టారు.

నొప్పి భరించలేనట్టుంటే రక్తపరీక్ష చేస్తాం, మోతాదు తగ్గిస్తాం, లేదా వేరే మందు మారుస్తాం. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆగకుండా రండి. అది చాలా అరుదు.

మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకోవచ్చా?

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ ఉన్నవి వద్దు. ఇవి గుండెపోటు ముప్పు పెంచుతాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అవుతుంది, కిడ్నీలకీ చెరుపు. పారాసిటమాల్ ఒక్కటే ఉన్నది అడిగి తీసుకోండి. "నొప్పుల మాత్ర ఇవ్వండి" అంటే చాలాసార్లు రెండూ కలిపిన మాత్ర చేతిలో పెడతారు.

తెల్లమద్ది చెక్క కషాయం, వెల్లుల్లి, "ఆపరేషన్ లేకుండా బ్లాకులు కరిగించే" చికిత్సలు పనిచేస్తాయా?

వెల్లుల్లి కూరలో వేసుకోండి, హాయిగా తినండి. కషాయం తాగుతుంటే డాక్టర్‌కి చెప్పండి, దాచకండి. మాత్రలు మానేసి వీటి మీద ఆధారపడడమే ప్రమాదం. బ్లాకులు కరిగిస్తామని వేలకి వేలు తీసుకుని సెలైన్లు ఎక్కించే చోట్లకి వెళ్ళొద్దు. బ్లాక్ కొంతైనా తగ్గినట్టు పరీక్షల్లో కనిపించిందంటే అది ఎల్‌డీఎల్ బాగా దించినవాళ్ళలోనే.

ఎప్పటి నుంచి నడవచ్చు? తిరుమల మెట్లెక్కుతానని మొక్కుకున్నారు.

ఒకప్పుడు గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం దిగనిచ్చేవాళ్ళు కాదు. 1952లో బోస్టన్‌లో లెవీన్, లౌన్ అనే ఇద్దరు వైద్యులు రోగుల్ని మొదటి రోజుల నుంచే కుర్చీలో కూర్చోబెట్టి చూశారు, వాళ్ళు బాగున్నారు. అయినా మన ఇళ్ళల్లో ఇప్పటికీ "నువ్వు కదలకు నాన్నా" అంటూ మంచినీళ్ళు కూడా చేతికిస్తారు. ప్రేమే, కానీ కాళ్ళల్లో బలం పోతుంది, మనసులో ధైర్యం పోతుంది.

ఇబ్బందుల్లేకుండా ఇంటికొచ్చినవాళ్ళు మొదటి వారం ఇంటి ముందు అయిదు పది నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు నడవొచ్చు. వారం వారం కొంచెం పెంచుకుంటూ ఆరో వారానికి అరగంటకి రావాలి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. భోజనం చేసిన వెంటనే, మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు. బైపాస్ అయినవాళ్ళు రొమ్ము ఎముక అతుక్కునేదాకా, సుమారు మూడు నెలలు, బిందెలు ఎత్తకూడదు, బండి నడపకూడదు.

యోగా గురించి మన దేశంలోనే పెద్ద అధ్యయనం జరిగింది. 24 ఆస్పత్రులు, 3,959 మంది. మళ్ళీ గుండెపోటు రావడం, మరణాలు స్పష్టంగా తగ్గాయని తేలలేదు. కానీ యోగా చేసినవాళ్ళు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు, పాత పనుల్లోకి బాగా తిరిగెళ్ళారు. నాకు అది చిన్న విషయంగా అనిపించదు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు నడిచి రావద్దని టీటీడీయే చెబుతుంది. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోండి. మొక్కు విషయంలో పట్టుదలగా ఉండే పెద్దవాళ్ళకి నేనొకటే చెప్తాను: మీ కోసం మీ కొడుకో కోడలో ఎక్కొచ్చు. శబరిమల కొండకీ ఇదే మాట.

ఏం తినాలి?

నెయ్యి గురించే అందరూ అడుగుతారు, ఉప్పు గురించి ఎవరూ అడగరు. రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు, మజ్జిగలో ఉప్పు కలిపితే మధ్యాహ్నానికే ఆ చెంచా అయిపోతుంది. పంపింగ్ తక్కువ ఉన్నవాళ్ళకి పచ్చడి తిన్న మర్నాడు కాళ్ళవాపు, ఆయాసం రావడం నేను ప్రతి మామిడికాయల కాలంలోనూ చూస్తాను.

అన్నం సగానికి తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. చేప పులుసు మంచిదే. మరిగిన నూనెనే మళ్ళీ మరిగించి వేసే బజ్జీలు మానేయాలి.

బీడీ ఒక్కటీ వదల్లేకపోతున్నాడు.

గుండెపోటు తర్వాత పొగ మానేసినవాళ్ళలో మరణం ముప్పు మూడో వంతుకి పైగా తగ్గుతుంది. ఏ మాత్రా ఒంటరిగా ఇంతకంటే ఎక్కువ చేయదు. రోజుకి ఒకటి రెండూ కూడా గుండెకి చెరుపే. చుట్ట, ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, ఖైనీ, అన్నీ వదలాలి. తిట్టకండి. నికోటిన్ బిళ్ళలు, మందులు ఉన్నాయి, మొదటి రెండు వారాలు ఎవరో ఒకరు తోడుండాలి.

భార్యాభర్తల కలయిక?

ఇది ఎవరూ బయటికి అడగరు, తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి అడుగుతారు. రెండంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే ఫరవాలేదు. నాలుక కింద మాత్ర గానీ, ఇతర నైట్రేట్ మందులు గానీ వాడేవాళ్ళు వయాగ్రా లాంటివి అస్సలు వేసుకోకూడదు. బీపీ ప్రాణం తీసేంతగా పడిపోతుంది.

రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ఛాతీ కొంచెం పట్టేసినా మళ్ళీ వచ్చిందేమో అని టెన్షన్.

మొదటి రెండు నెలలు ఇది చాలామందికి ఉంటుంది. ఆ తర్వాత కూడా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది దిగులు జబ్బు. గుండె రోగులకి సురక్షితమైన మందులున్నాయి. దిగులులో ఉన్న మనిషి మాత్రలు సరిగా వేసుకోడు, నడవడు. కాబట్టి ఇది కూడా గుండె వైద్యంలో భాగమే. ఇంటి ఆడవాళ్ళకి గుండెపోటు వస్తే ఈ బాధ ఇంకా కనబడదు. వారం తిరక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోతారు, ఎవరూ అడగరు. అడగండి.

ఫ్లూ టీకా గుండెకి పనికొస్తుందా?

వస్తుంది. గుండెపోటు వచ్చిన కొద్ది రోజుల్లోనే 2,571 మందిలో సుమారు సగం మందికి ఈ టీకా ఇచ్చి, అందరినీ ఏడాది గమనించారు. మరణం, మళ్ళీ గుండెపోటు, స్టెంట్ మూసుకుపోవడం కలిపి టీకా వేసుకున్నవాళ్ళలో 5.3 శాతం, వేసుకోనివాళ్ళలో 7.2 శాతం. ఏడాదికి ఒకసారి వేయించుకోండి.

మళ్ళీ నొప్పి వస్తే గ్యాస్ అని ఎలా తెలుసుకోవాలి?

తెలుసుకునే ప్రయత్నమే చేయొద్దు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళకి ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కారణం లేని ఆయాసం వస్తే అది గుండె అనే అనుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే రావచ్చు. కూర్చుని, డాక్టర్ రాసిచ్చిన సార్బిట్రేట్ ఒకటి నాలుక కింద పెట్టుకోండి. నిలబడి పెట్టుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. సోడా తాగి, వాము నమిలి చూద్దామని ఆగొద్దు. మన దేశంలో 20,000 మందికి పైగా రోగులతో చేసి 2008లో ప్రచురించిన క్రియేట్ అధ్యయనంలో, నొప్పి మొదలైనప్పటి నుంచి ఆస్పత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో చచ్చిపోయిన కండరాన్ని తర్వాత ఎంత గొప్ప ఆస్పత్రీ తిరిగి ఇవ్వలేదు.

నెల నెలా మందుల ఖర్చు భరించలేకపోతున్నాం.

మానేయకండి, చెప్పండి. జన ఔషధి దుకాణాల్లో ఇవే మందులు చాలా తక్కువకి దొరుకుతాయి. టికాగ్రెలార్ ఖరీదైతే క్లోపిడోగ్రెల్‌కి మార్చవచ్చా అని డాక్టర్‌ని అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, తర్వాతి పరీక్షలకీ మందులకీ ఫాలో-అప్ ప్యాకేజీ ఉందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని అడగాలి. చాలామంది ఆ సంగతి తెలియక చేతి నుంచి పెట్టుకుంటున్నారు.

మా పిల్లలకీ వస్తుందా?

రావాలని లేదు, కానీ పరీక్షలు చేయించాలి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకి వచ్చింది, మిగతా దేశాల వాళ్ళకి సుమారు 59కి. హైదరాబాద్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా మన ఒంటి తీరు ఇదే. తండ్రికి 55 లోపు, తల్లికి 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే, కొడుకులూ కూతుళ్ళూ పాతికేళ్ళు దాటగానే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొవ్వుని చూసే లైపోప్రోటీన్-ఎ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు. నాన్నని రెండో ఎకోకి తీసుకొచ్చిన రోజే పరగడుపున వచ్చి మీ రక్తం కూడా ఇచ్చి వెళ్ళండి.